ఇటలీ ఫ్లింట్‌లాక్ రైఫిల్: లాక్ మీది రంగులు తీసి పాతకాలపు రూపు తేవడం ఎలా?

లాంకాస్టర్_వంశీ (పెన్సిల్వేనియా)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదువుకుంటూ కూర్చున్నవాణ్ణే. ఇప్పుడు నాకే పని పడింది.

ఇటలీలో చేసిన ఫ్లింట్‌లాక్ రైఫిల్ (చెకుముకి రాయితో నిప్పు పుట్టించి పేల్చే పాత తరహాది) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ నమూనా, 45 క్యాలిబర్. నిప్పు చక్కగా పడుతోంది, గురికి వంక పెట్టడానికి లేదు. నచ్చనిదల్లా లాక్, అంటే ఆ నిప్పు పుట్టించే యంత్రం, దాని వాలకం. ప్లేటు నిండా నీలం, ఊదా, తేనెరంగు మచ్చలు. రాయిని పట్టుకుని కొట్టే కాక్ మీదా అవే. వాటికి తోడు అచ్చు గుద్దిన తీగల డిజైను ఒకటి. స్క్రూ తలల గాడులేమో హార్డ్‌వేర్ షాపు సరుకే.

నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది కదా, అక్కడ అసలు తుపాకులు చూసొచ్చాక ఈ రంగులు మరీ ఎబ్బెట్టుగా అనిపిస్తున్నాయి. అక్కడివి బూడిద రంగులో, అక్కడక్కడ నల్లటి మరకలతో ఉన్నాయి, అంచులు మాత్రం ఇంకా పదునే. 1780ల నాటి లాంకాస్టర్ రైఫిల్ అనిపిస్తే నాకు చాలు.

రంగులు తీస్తే గట్టిదనం కూడా పోతుందా? ప్లేటు వెనక కొసన ఉండే తోకని కాస్త సన్నగా, మొనదేలినట్టు అరగదీయొచ్చా? లేక ఇదంతా ఎందుకని బ్యారెల్‌తో పాటు బ్రౌన్ చేసేయమంటారా, అంటే కావాలనే సన్న తుప్పు పట్టించి గోధుమ రంగు తెప్పించడం?

జనగామ_అన్న (టెక్సస్)

తమ్మీ, గింత ఆలోచన ఎందుకు? బ్రౌన్ కొట్టెయ్. నా దగ్గరున్న రైఫిళ్లు బ్యారెల్ కాడికెళ్లి లాక్ దాంక అన్నీ బ్రౌనే. ఎండల మెరవది, జింకకు కనపడది, ఇంత తుప్పు పట్టినా ఎవనికీ తెల్వదు. లారెల్ మౌంటెన్ బ్రౌనింగ్ మందు సీసా ఒకటి తెచ్చుకో. జిడ్డు ఇసుమంత లేకుంట కడిగి, పల్చగ పూసి, తేమ ఉన్న డబ్బాల మూడు గంటలు పెట్టు. మల్ల పూయి, మల్ల పెట్టు. రంగు పట్టినంక బేకింగ్ సోడా నీళ్లతోని కడిగి నూనె రాయి. అయిపాయె.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

జనగామ అన్నగారు వేటగాడి లెక్కన చెప్పారు, ఆ లెక్కన సరే. కానీ వంశీగారు అడిగింది 1780ల రూపు. ఆ కాలపు లాక్‌కి బ్రౌన్ నప్పదు.

అప్పట్లో లాక్ ప్లేటు, కాక్ అరుగుదలకి ఆగాలని కేస్ హార్డెనింగ్ చేసేవారు, అంటే పైపొరని గట్టిపరచడం. రంగులొచ్చినా వాటి మీద ఎవరికీ మోజు లేదు. మెరుగు పెట్టి తెల్లగా వదిలేసేవారు. బ్రౌనింగ్ బాగా వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో, అదీ ముందు బ్యారెళ్లకి. మరి ఇవాళ విడిభాగాలు కొని ఇంట్లో కూర్చుకునే కిట్ రైఫిళ్లన్నీ లాక్‌తో సహా బ్రౌన్‌గా ఎందుకుంటాయంటే, ఇరవయ్యో శతాబ్దంలో జనం చూసిన పాత తుపాకులు తుప్పుపట్టి ఆ రంగులోకి వచ్చినవి. అదే అసలు రంగనుకున్నారు, అదే అలవాటైపోయింది.

కాబట్టి వంశీగారూ, ముందు ఒకటి తేల్చుకోండి. 1780లో దుకాణం గుమ్మం దాటిన రోజున ఎలా ఉండేదో అలా కావాలా, లేక రెండు వందల ఏళ్లు వాడి ఇవాళ మ్యూజియంలో ఉన్నట్టు కావాలా? మొదటిదైతే మెరుగు పెట్టిన తెల్ల ఉక్కు. రెండోదైతే బూడిద. ఈ రెండూ కలిపేస్తేనే అతకదు: కర్ర కొత్త వార్నిష్‌తో తళతళలాడుతూ, లాక్ మాత్రం భూమిలోంచి తవ్వి తీసినట్టు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఆగస్టులో జరిగే లాంగ్‌రైఫిల్ అసోసియేషన్ ప్రదర్శనకి వెళ్తే బల్లల మీద రెండు రకాలూ పక్కపక్కనే కనపడతాయి, మంచివాళ్లు ఎవరూ సగం సగం చేయరు.

తోక సంగతి రాత్రికి రాస్తాను. ఈలోపు ఆకురాయి పట్టుకోకండి.

జనగామ_అన్న (టెక్సస్)

మూర్తి సార్, మీతోని వాదించి గెలుస్తనా. కానీ డిసెంబరుల మంచుల తిరిగేది తమ్మి. తెల్ల ఉక్కు అంటే పొద్దుమీకి తుప్పే. గది సుత చెప్పున్రి ఆయనకు.

కొలిమి (పిట్స్‌బర్గ్)

మెటలర్జీ ప్రశ్నకి నేను జవాబిస్తాను. రంగు వేరు, గట్టిదనం వేరు.

ఎముకల బొగ్గు, కర్ర బొగ్గు కలిపి నింపిన పెట్టెలో భాగాలు పెట్టి 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, గంటో రెండు గంటలో ఉంచుతారు. బొగ్గులోని కార్బన్ ఉక్కు పైపొరలోకి దిగుతుంది. ఆ వేడి మీదే నీళ్లలో గుమ్మరిస్తే ఆ పొర ఆకురాయి జారిపోయేంత గట్టిపడుతుంది, లోపలి లోహం మాత్రం మెత్తగానే ఉండి దెబ్బకి విరగదు. నీళ్లలోకి గాలి బుడగలు వదులుతూ ముంచితే పైన అతి పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మీ నీలం, ఊదా అంతా అదే. వంటింట్లో తెల్ల వెనిగర్‌కే ఆ పొర పోతుంది. కింది గట్టి పొర మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో ఉంటుంది, దానికి వెనిగర్‌తో ఏమీ కాదు.

అయితే ఒక మెలిక. కొన్ని ఫ్యాక్టరీ తుపాకుల్లో ఈ మచ్చలు బొగ్గుతో వచ్చినవి కావు, రసాయనం పూసి తెప్పించినవి. అప్పుడు కింద గట్టి పొర ఉంటుందన్న నమ్మకం లేదు. ప్లేటు లోపలి వైపు, ఎవరికీ కనపడని మూలన సన్న ఆకురాయి ఒక్కసారి ఆనించి చూడండి. జారితే గట్టిది, పట్టుకుంటే మెత్తది. మిగతా పనంతా దీని మీదే ఆధారపడుతుంది.

ఇక చేయకూడనివి. లాక్ పూర్తిగా విప్పాకే ఆమ్లం జోలికి వెళ్లండి. మెయిన్‌స్ప్రింగ్, సియర్ స్ప్రింగ్, ఫ్రిజెన్ స్ప్రింగ్ ఈ మూడూ వెనిగర్‌లో పడకూడదు. గట్టి స్ప్రింగ్ ఉక్కులోకి ఆమ్లం నుంచి హైడ్రోజన్ దూరితే పెళుసైపోయి ఏ రోజో పటుక్కున విరుగుతుంది. రాయి వచ్చి తగిలే ఉక్కు పలక, అదే ఫ్రిజెన్, దానికి మంట చూపించొద్దు. 200 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచీ దాని ముఖం మెత్తబడడం మొదలవుతుంది. మనం చూసే నిప్పురవ్వలు చెకుముకి రాయి గీరిన ఉక్కు రజను గాలిలో మండడమే. ముఖం మెత్తబడితే రజను లేవదు, గాడి పడుతుంది.

ఒహాయో_బాబ్జీ (ఒహాయో)

కొలిమి గారి పోస్టుకి చిన్న తోక. మెయిన్‌స్ప్రింగ్ తీయడానికి చిన్న స్ప్రింగ్ వైసు అమ్ముతారు, అది కొనండి. కటింగ్ ప్లేయర్‌తో లాగితే స్ప్రింగ్ మీద గీత పడుతుంది. ఆ గీత దగ్గరే రేపు విరుగుతుంది.

లేపిన కాక్‌ని ఆపి ఉంచే టంబ్లర్ గాడులు, సియర్ కొన మీద మాత్రం ఎమరీ పెట్టకండి, ‘ఎలాగూ విప్పాం కదా’ అని. అది అందం సంగతి కాదు, హాఫ్‌కాక్ (కాక్ సగం లేచి భద్రంగా ఆగే స్థితి) నిలవడం సంగతి.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

తోక గురించి.

మీ లాక్ ఇప్పటికే కర్రలో దిగి ఉంది. ప్లేటు బయటి గీత ఎక్కడ అరగదీసినా అక్కడ కర్రకీ ఇనుముకీ మధ్య సందు కనపడుతుంది. ఆ సందులోకి తుపాకీ మందు మసి చేరుతుంది, తేమ చేరుతుంది, కొన్నాళ్లకి కర్ర నల్లబడుతుంది. సందుని రంపపు పొడి, జిగురుతో పూడ్చినవాళ్లని చూశాను. ఐదడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. అందుకని బయటి గీత జోలికి వద్దు.

ఆ గీత లోపల మాత్రం మీ ఇష్టం. జర్మన్ తరహా లాకుల్లో, అంటే లాంకాస్టర్ వాళ్లు ఎక్కువగా వాడినవాటిలో, ప్లేటు చుట్టూ ఏటవాలు అంచు ఉంటుంది. కాక్ వెనక, తోక మొదలయ్యే చోట నిలువుగా ఒకటి రెండు గాడులు ఉంటాయి. ఫ్యాక్టరీ ప్లేట్లలో ఈ అంచు మొద్దుబారి ఉంటుంది, ఎందుకంటే పోత పోసి బఫింగ్ చక్రం మీద రుద్దేస్తారు. ఆ అంచుని మళ్లీ తీర్చండి. ప్లేటు ముఖం, ఏటవాలు కలిసే గీత ఒక్కటి కత్తిరించినట్టు నిలబడితే లాక్ మొత్తం మారిపోతుంది. తోక బయటి ఆకారం అలాగే ఉన్నా, ఏటవాలుని చివరికొచ్చేసరికి కొంచెం వెడల్పు చేస్తే పైముఖం సన్నబడి మొనదేలినట్టు కనపడుతుంది. మీకు కావాల్సింది అదే.

పని చేసే తీరు: ప్లేటుని చెక్కముక్క మీద దాని ఆకారంలోనే తొలిచిన గుంటలో కూర్చోబెట్టి వైసులో బిగించండి. సన్న పళ్ల చదును ఆకురాయిని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని ప్లేటు పొడవునా లాగండి. తర్వాత 220, 320, 400 నంబరు ఎమరీ కాగితం, ప్రతిదీ గట్టి ఉక్కు పట్టీకో చెక్కకో చుట్టి. వేలితో రుద్దారా, అంచులు పోయినట్టే. స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం పడిందంటే అది ఎవరో బఫ్ మీద పెట్టారని అర్థం. ఆ పల్లం మీద వెలుగు పడితే చాలు, కళ్లున్నవాడు పట్టేస్తాడు.

కాక్ కూడా అంతే. మెడ ఒంపు లోపలి వైపు పోత గీత ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. అరచంద్రం ఆకురాయితో తీసేయండి. రాయిని పట్టే పై దవడ నుదురు మొద్దుగా ఉంటే కాస్త ఏటవాలు పెట్టండి. కాక్‌ని మాత్రం వంచడం, పొడవు తగ్గించడం చేయొద్దు. రాయి ఫ్రిజెన్‌ని ఏ ఎత్తులో, ఏ కోణంలో తగలాలో ఆ లెక్క తప్పుతుంది.

ఒహాయో_బాబ్జీ (ఒహాయో)

ఇది చదివే కిట్ వాళ్లకి: మూర్తి గారు చెప్పిన ఇబ్బంది మీకు లేదు. సైలర్ లాంటి లాక్ విడిగా కొన్నప్పుడు తోక, ముక్కు, ఏటవాలు అన్నీ ముందే మీకు కావాల్సినట్టు తీర్చుకోండి. ఆ తర్వాతే కర్ర తొలవండి. ఒకే సైలర్‌తో ఇద్దరు చేసిన రెండు రైఫిళ్లు పక్కపక్కన పెడితే ఒకే లాక్ అని పోల్చుకోలేనంత తేడా తీసుకురావచ్చు. ఫ్రిజెన్ స్ప్రింగ్ చివర ఆకు మొగ్గలా ఉండే భాగం, ఫ్రిజెన్ కింద తోక ఒంపు, రాయిని దవడల మధ్య బిగించే జా స్క్రూ తల, ఇవి చిన్నవే గాని చూపు ముందు అక్కడికే పోతుంది.

సుజాత_నగిషీ (నార్త్ కరోలినా)

మా నాన్నగారిది తెనాలిలో బంగారప్పని. నేను ఆ చేతినే ఇక్కడ ఉక్కు మీదికి మళ్లించాను. డిజైను గురించి నా మాట.

అచ్చు గుద్దిన తీగ డిజైను మీకు ఎందుకు నచ్చట్లేదో చెప్పనా? చేత్తో చెక్కిన గీత ఒక చివర సన్నగా మొదలై, ఒంపు దగ్గర లావై, మళ్లీ సన్నబడుతుంది. చెక్కేవాడు ఉలిని పక్కకి వాల్చిన కొద్దీ గీత వెడల్పవుతుంది. అచ్చు గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే లావు, ఒకే లోతు. కంటికి కారణం తెలీకపోయినా జీవం లేదని తెలుస్తుంది.

తీసేయాలంటే ఆ లోతు దాకా ముఖం మొత్తం దించాలి. ప్లేటు మెత్తదైతే ఆకురాయి చాలు. గట్టిదైతే రాళ్లు, ఎమరీతో ఓపిగ్గా. గీతలున్నచోట మాత్రమే రుద్దితే గుంట పడుతుంది. ముఖం దిగిన మేరకు కాక్ భుజం ప్లేటు మీద ఆనే చోట తేడా వస్తుందేమో, ఫ్రిజెన్ పాన్‌ని (నిప్పు అంటుకునే మందు పోసే చిన్న గిన్నె) సరిగ్గా కప్పుతోందో లేదో మధ్యమధ్యలో కూర్చి చూసుకోండి.

కొత్తగా చెక్కించాలనుకుంటే, గట్టి ప్లేటుని ముందు కాచి మెత్తబరచాలి, చెక్కాక మళ్లీ గట్టిపరచాలి. రెండోసారి నీళ్లలో ముంచినప్పుడు ప్లేటు వంకర తిరిగే ప్రమాదం ఉంది. లేదంటే 120 డిగ్రీల మొన ఉన్న కార్బైడ్ గ్రేవర్‌తో (చెక్కే ఉలి) పైపైన చెక్కొచ్చు, కానీ మొన ఊరికే రాలిపోతుంది. మీ తుపాకీకి నేనైతే అంచు వెంట ఒక్క గీత, కాక్ వెనక చిన్న తీగ, అంతకు మించి వద్దంటాను. మామూలు రైఫిళ్ల లాకుల మీద చాలావాటికి ఆ కాలంలో అదీ ఉండేది కాదు.

కర్నూలు_కుర్రాడు

అక్కా, తెలీక అడుగుతున్నా, హైదరాబాద్‌లో బిద్రీ పని ఉంటుంది కదా, నల్లటి దాంట్లో వెండి తీగలు. లాక్ ప్లేటు మీద అట్ల చేస్తే అదిరిపోదా?

ఇంకోటి, మా ఊరి పక్కన నాటు తుపాకులు చేసే ముసలాయన ఉండేవాడంట. ఇండియాలో ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చా?

సుజాత_నగిషీ (నార్త్ కరోలినా)

బిద్రీ కుదరదు తమ్ముడూ. బిద్రీ పాత్ర జింకులో కాస్త రాగి కలిపి పోసినది. బీదరు కోట మట్టిలో నవాసారం కలిపి రాస్తే ఆ జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. అందుకే ఆ మెరుపు. ఉక్కు మీద ఆ కిటుకు పనిచేయదు.

ఉక్కుకి మన దగ్గర వేరే విద్య ఉంది, కోఫ్త్‌గరీ. ఉక్కు ముఖమంతా అడ్డంగా నిలువుగా సన్న గాట్లు పెట్టి గరుకు చేస్తారు, దాని మీద బంగారు తీగనో వెండి తీగనో పరిచి సుత్తితో కొడితే ఆ గాట్లలోకి దిగి పట్టుకుంటుంది. పాత కత్తి పిడుల మీద, డాళ్ల మీద ఎక్కువగా కనిపించేది అదే. టిప్పు సుల్తాన్ కోసం శ్రీరంగపట్నంలో చేసిన ఫ్లింట్‌లాకులు చూశావా? పులి చారలు, పులి తలలు, లోహం మీద అక్షరాలు. యూరప్ లాక్ యంత్రాన్నే తీసుకుని పైరూపు పూర్తిగా తనది చేసుకున్నాడు. నన్నడిగితే లాక్ రూపు మార్చడంలో అంతకు మించిన పని లేదు. కానీ వంశీగారి లాంకాస్టర్ రైఫిల్ మీద పులి చారలు పెడితే మూర్తి గారు ఈ ఫోరం వదిలి వెళ్లిపోతారు.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

వెళ్లను గాని, ఆ రోజు అన్నం మానేస్తాను.

ఎన్‌జె_ప్రసాద్ (న్యూజెర్సీ)

చట్టం సంగతి ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది.

కర్నూలు తమ్ముడికి: 1959 ఆయుధాల చట్టం కింద నాటు తుపాకీ కూడా తుపాకీయే. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే కేసు. బాగుచేసినా సరే పేలడానికి పనికిరాని పురాతన ఆయుధాలకి 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గాని, ‘మా తాతది, పేలదు’ అని నీకు నువ్వే తీర్మానించుకోవద్దు. ముసలాయన దగ్గరికి అసలే వద్దు.

ఇక్కడి వాళ్లకి: 1968 గన్ కంట్రోల్ చట్టంలో, మూతి నుంచి మందు దట్టించి బ్లాక్‌పౌడర్‌తో పేల్చే నమూనా రైఫిళ్లు ‘యాంటిక్’ కిందికి వస్తాయి, కార్ట్రిడ్జి తుపాకీగా మార్చడానికి వీలుండకూడదు. అందుకని హెచ్1బీ వాళ్ల మీద మామూలు తుపాకుల విషయంలో ఉన్న ఫెడరల్ నిషేధం వీటికి రాదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. మా న్యూజెర్సీ లాంటి చోట ఉన్నవాళ్లు కొనకముందే లాయర్‌ని అడగండి. ఫోరంలో చదివానంటే జడ్జి వినడు.

లాంకాస్టర్_వంశీ (పెన్సిల్వేనియా)

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మొదలుపెట్టాను.

లోపలి మూలన ఆకురాయి పెట్టి చూస్తే జారింది, కాబట్టి గట్టి పొర ఉంది. స్ప్రింగులన్నీ విడిగా డబ్బాలో పెట్టి, ప్లేటు, కాక్, పై దవడ వెనిగర్‌లో వేశాను. రంగులు ముందు వెలిసి, తర్వాత మసి మరకలా మారి, బ్రష్‌తో రుద్దితే పోయాయి. కింద మాసిన వెండి రంగు. ఫొటో పెట్టాను చూడండి. ఇప్పుడే సగం నయమనిపిస్తోంది. ఏటవాలు తీర్చడానికి డైమండ్ రాళ్లు వాడుతున్నాను, గట్టిగా ఉండడం వల్ల నెమ్మదిగా సాగుతోంది.

మూర్తి గారూ, మీ ప్రశ్నకి జవాబు: పాతబడిన రూపే కావాలి. కర్ర మీది వార్నిష్ కూడా తీసేసి నూనె పట్టిస్తాను, అతకదన్న మాట రాకుండా. ఇక బూడిద రంగు ఎలా తేవాలి? యూట్యూబ్‌లో ఒకాయన బ్లీచ్ ఆవిరి పట్టించి చూపించాడు, చాలా సులువుగా ఉంది.

కొలిమి (పిట్స్‌బర్గ్)

బ్లీచ్ వద్దు. క్లోరిన్ ఉక్కుని గుంటలు గుంటలుగా తింటుంది. పైన కడిగినా ఆ గుంటల్లో ఉప్పు మిగిలి నెలల తరబడి తుప్పు కక్కుతూనే ఉంటుంది. పైగా మీ బల్ల మీద ఇప్పటికే వెనిగర్ ఉంది. ఆ రెండూ పొరపాటున కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.

ఇంజనీరింగ్‌లో పీసీబీ బోర్డులు చెక్కిన ఫెర్రిక్ క్లోరైడ్ గుర్తుందా? అది మేలు. నీళ్లు బాగా కలిపి పల్చన చేయండి. జిడ్డు లేకుండా కడిగిన ప్లేటుని కాసేపు ముంచి తీయండి, ఒక్కసారిగా ఎక్కువసేపు ఉంచే బదులు చూస్తూ చూస్తూ ముంచండి. వెంటనే బేకింగ్ సోడా నీళ్లలో కడగాలి, లేకపోతే దాని పని ఆగదు. బోర్డులకి వాడిన పాత ద్రావణం వద్దు, అందులోని రాగి ఉక్కు మీదికి ఎక్కి ఎర్రబడుతుంది. తర్వాత మామూలు నీళ్లలో మరిగిస్తే మిగిలిన ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. అప్పుడు సన్న ఉక్కు పీచుని నూనెలో తడిపి రుద్దండి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. గ్రానైట్ కౌంటర్ మీద చేయకండి, మరక పోదు, ఇంట్లో మాట పడాల్సి వస్తుంది.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

రుద్దడంలోనే ఉంది అంతా. మందు పూసి వదిలేస్తే లాక్ అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది, అది మళ్లీ ఫ్యాక్టరీ పనే. నిజంగా వాడిన లాక్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. బొటనవేలు తగిలే కాక్ పైకొన, ఫ్రిజెన్ పైభాగం, ప్లేటు మధ్య ఉబ్బు, ఇవి చెయ్యి తగిలి తగిలి తెల్లగా ఉంటాయి. పాన్ చుట్టూ, కాక్ పాదం కింద, ఫ్రిజెన్ స్ప్రింగ్ వెనక మూలల్లో మసి చేరి నల్లగా ఉంటుంది. పాన్ దగ్గర మందు మండిన చోట సన్న గుంటలు కూడా ఉంటాయి. కాబట్టి నల్లదనం మూలల్లో ఉంచేసి, ఎత్తులన్నీ రుద్దండి. ఓసారి లాక్‌ని కూర్చి, కళ్లు మూసుకుని కాక్ లేపుతూ ఫ్రిజెన్ మూస్తూ ఉండండి. వేళ్లు ఎక్కడ తగులుతున్నాయో అక్కడ ఎక్కువ రుద్దాలి.

వీలైతే ఒకసారి విలియమ్స్‌బర్గ్‌లోని గన్‌స్మిత్ దుకాణానికి రండి. అక్కడివాళ్లు పాత పద్ధతిలో చేత్తో చేస్తారు. కొత్త లాక్ ఎలా ఉండేదో చూస్తే, పాతది ఎటునుంచి ఎటు మారిందో బుర్రకెక్కుతుంది.

స్క్రూలు మర్చిపోకండి. పాత స్క్రూ గాడులు చాలా సన్నం. వెడల్పు గాడి ఉన్న తల ఒక్కటి కనపడినా మీ కష్టమంతా వృథా. సన్న గాడి ఉన్నవి దొరికితే మరల కొలత చూసి మార్చండి. లేదా గాడిని వెల్డింగ్‌తో నింపించి, సన్న రంపంతో మళ్లీ కోసుకోండి. జా స్క్రూ తలకి అడ్డంగా రంధ్రం కూడా పెట్టించండి, మేకు దూర్చి తిప్పుకోవడానికి. అడవిలో రాయి మార్చాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

జనగామ_అన్న (టెక్సస్)

గా రంధ్రం మాట మాత్రం నిజం తమ్మీ. స్క్రూడ్రైవర్ మర్చిపోయి పోయిన రోజే రాయి వదులైతది.

అయినా ఇంత ఆగం ఎందుకు, ఆ తెల్ల లాక్ పెట్టుకుని రెండు సీజన్లు పేల్చు. కడుగుడు, తుడుసుడు, నూనె పెట్టుడు. బూడిద రంగు దానంతటదే వస్తది.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

ఇది ఒప్పుకుంటాను. మందు మసికి తేమ పీల్చుకునే గుణం ఉంది, కడగడం ఒక పూట ఆలస్యమైతే చాలు రంగు తిరుగుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి అదే అన్నిటికంటే మంచి దారి.

లాంకాస్టర్_వంశీ (పెన్సిల్వేనియా)

ఓపిక లేదు గురువుగారూ. ఫెర్రిక్ క్లోరైడ్ అయిపోయింది, మరిగించడం అయింది, రుద్దడం నడుస్తోంది. కళ్లు మూసుకుని కాక్ లేపే చిట్కా బ్రహ్మాండం. నా బొటనవేలు కాక్‌కి పైన కాకుండా కొంచెం లోపలి పక్కన తగులుతోందని అప్పుడే తెలిసింది, అక్కడ తెల్లగా రుద్దాను. కొత్త ఫొటోలు పెట్టాను.

ఇంకో ఆలోచన. ప్లేటు ఇప్పుడు ఖాళీగా ఉంది కదా, దాని మీద బర్మింగ్‌హామ్ తయారీదారు కెట్‌ల్యాండ్ పేరు చెక్కిస్తే? ఇంగ్లండ్ నుంచి అలాంటి లాకులు ఇక్కడికి బోలెడు దిగుమతి అయ్యేవని చదివాను.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

వద్దు. మొదటిది, మీది జర్మన్ తరహా ప్లేటు, దాని మీద బర్మింగ్‌హామ్ పేరు పొసగదు. రెండోది ఇంకా ముఖ్యం. మీరు మోసం చేయరు, నాకు తెలుసు. కానీ ఈ తుపాకీ మీ తర్వాత ఎవరి చేతికి పోతుందో మీకు తెలీదు. పాత రూపు, పాత పేరు, రెండూ కలిస్తే ఎవడో ఒకడు అసలుదని అమ్మేస్తాడు. పాతబరచడం వరకు సరదా, ఇంకొకరి పేరు చెక్కితే దొంగ సరుకు. బ్యారెల్ మీద ఇటలీ ప్రూఫ్ ముద్రలు (పరీక్షించి వేసిన గుర్తులు) ఉంటాయి, వాటినీ చెరపకండి.

సుజాత_నగిషీ (నార్త్ కరోలినా)

పేరు కావాలంటే మీ పేరే పెట్టుకోండి. ప్లేటు లోపలి ముఖం మీద, తెలుగులో ‘వం’ అని, కింద సంవత్సరం. విప్పినవాడికే కనపడుతుంది, ఎప్పుడు మార్చిందీ తెలుస్తుంది.

తెలుగు అక్షరం ఉక్కు మీద చెక్కడం ఏమంత తేలిక కాదు సుమా. రోమన్ అక్షరాలకి నిలువు గీతలు, ఆగడానికి మూలలు ఉంటాయి. మన ‘వ’కి ఆగే చోటే లేదు. గ్రేవర్‌ని ఒక చేత్తో నెడుతూ, రెండో చేత్తో ప్లేటుని తిప్పుతూ ఉండాలి. ఒంపు మధ్యలో ఆగితే అక్కడ పొక్కు లేస్తుంది. తలకట్టుని మాత్రం చివర్లో ఒక్క ఊపుతో, గ్రేవర్‌ని పక్కకి వాల్చి కొడితే లావుగా మొదలై సన్నగా ముగుస్తుంది, కలంతో రాసినట్టే వస్తుంది. ప్లేటు పంపించండి, చేసిస్తాను. గట్టి ఉక్కు కాబట్టి కార్బైడ్ మొనలు రెండు మూడు రాలతాయి, ఆ ఖర్చు మీదే.

లాంకాస్టర్_వంశీ (పెన్సిల్వేనియా)

సుజాత గారూ, ఇంతకంటే ఏం కావాలి! ప్లేటు ఒక్కటే విప్పి పంపిస్తాను, చిరునామా మెసేజ్ పెట్టండి. ఖర్చు నాదే.

ఆఖరి ప్రశ్న. క్రిస్మస్ మర్నాడు ఇక్కడ ఫ్లింట్‌లాక్ జింకల సీజన్ మొదలవుతుంది. జనగామ అన్న భయపెట్టినట్టు మంచులో ఈ బూడిద లాక్ ఒక్క రోజులో ఎర్రబడిపోతుందా? నూనె ఎక్కువ రాస్తే పాన్‌లోకి కారి మందు తడుస్తుందేమో అని ఇంకో భయం.

జనగామ_అన్న (టెక్సస్)

ఇగ అడిగినవ్ సక్కగ. నూనె కాదు తమ్మీ, మైనం. మ్యూజియం వాళ్లు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం దొరుకుతది. ప్లేటు జర గోరువెచ్చగ చేసి, బట్టతోని పల్చగ రాసి, ఆరినంక రుద్దు. కారది, అంటది. పాన్ లోపల, ఫ్రిజెన్ ముఖం మీద మాత్రం ఏదీ ఉండొద్దు. రాయి తగిలే ముఖం ఒట్టిగ ఉండాలె, లేకుంటే నిప్పు రాదు.

ఇంక తోలుది ఒక గుడ్డలెక్క ముక్క కోసి, గొర్రె కొవ్వో మైనమో పట్టించి, లాక్ మీద కప్పి తాడుతోని కట్టు. పాతోళ్లు సుత గట్లనే చేసేటోళ్లు, మూర్తి సార్‌కు కోపం రాదు. కాల్చే ముందు గుంజి పారేసుడే. మంచులకెళ్లి ఇంట్ల వెచ్చటి రూముల తెచ్చి పెడితె లాక్ మీద నీళ్లు పడతయి, అసలు తుప్పు అప్పుడే మొదలైతది. గ్యారేజీలనే ఉంచి తుడువు.

ఆకురాయి_మూర్తి (వర్జీనియా)

కోపమెందుకు, పూర్తిగా ఒప్పుకుంటున్నాను. తోలు ముక్క కోసేటప్పుడు కాక్ అడ్డం రాకుండా పైన చీలిక పెట్టుకోండి. హాఫ్‌కాక్‌లో పెట్టి కొలత తీయాలి, దించి కాదు.